కుక్కలు లాగెడు మంచుబండి

మన నాట బండి యన్నచో ఎద్దులు జ్ఞప్తికి వచ్చును. జట్కా యన్నచో గుఱ్ఱము. మూటల బరువన్నచో గాడిద. కుక్క బండి లాగుననిన పసిపిల్లలు సైతము నవ్వుదురు. మన యిండ్లలో కుక్కకు వీధి వాకిలియే హద్దు. తినగా మిగిలిన ముద్దయే దాని జీతము. ఇక దాని పేరు మన నోట తిట్టుగానే తరచు వినబడును. అట్టి కుక్కయే ఉత్తరధ్రువ సమీప దేశములలో ఎద్దునకు ఎద్దై, గుఱ్ఱమునకు గుఱ్ఱమై వేల సంవత్సరములు మానవుని సంసారమును లాగినది. సైబీరియాకు ఉత్తరమున సముద్రములోనున్న ఝోఖోవ్ అను దీవిలో త్రవ్వకములు జరిపినవారికి సుమారు 9,500 సంవత్సరముల నాటి కుక్కయెముకలును, మంచుబండి కొయ్యలును దొరకినవి. ఆ కుక్కకును నేటి బండికుక్కలకును చుట్టరికము కలదని శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి. అనగా మా ఘంటసాలలో బౌద్ధస్తూపము వెలయుటకు ఏడువేల యేండ్లకు పూర్వమే ఆ చలిదేశములలో కుక్కలకు పట్టెడ కట్టి బండి నడపిరన్నమాట.

అట్టి బండి నెక్కు అవకాశము నాకు 2024 సంక్రాంతి సెలవులలో లభించినది. మా తమ్ముడు ఫిన్లండు దేశమున ఔలు అను పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడు. మా వారు పాఠశాల యుపాధ్యాయులగుటచే వారికి సెలవు దొరకుట సంక్రాంతికి, వేసవికి మాత్రమే. “అక్కయ్యా, వేసవిలో రండు, ఇచ్చట రాత్రియే యుండదు” అని తమ్ముడనెను. “వదినగారూ, మంచు చూడవలెనన్న పుష్యమాసముననే రావలెను” అని మరదలు పట్టుపట్టినది. మరదలి మాటయే నెగ్గినది. గన్నవరమున విమానమెక్కి, ఢిల్లీ మీదుగా హెల్సింకి చేరి, అచ్చటనుండి ఔలునకు పోతిమి. ఔలునుండి రెండున్నర గంటల రైలు ప్రయాణమున రోవానియెమి అను పట్టణము వచ్చును. అది లాప్లండు అను మంచుసీమకు ముఖ్యపట్టణము. ఉత్తరధ్రువ వృత్తము ఆ పట్టణమునకు కొలది మైళ్ళ దూరముననే పోవుచున్నది. మా ఘంటసాల పదునారవ అక్షాంశము మీద నున్నది. రోవానియెమి అరువదియారవ దానికిని పైన. అచ్చట ఆ దినములలో పగలు సుమారు నాలుగు గంటలే యుండును. పది దాటిన పిమ్మట సూర్యుడు చెట్ల తలలపై నించుక కనబడి, మన భోజనాల వేళ దాటగానే క్రుంకును. మిగిలిన కాలమంతయు నీలి వెన్నెల వంటి వెలుగు.

పెద్దనగారి ప్రవరుడు సిద్ధుడొసగిన లేపమును కాళ్ళకు పూసికొని హిమగిరికి పోయెననియు, ఆ లేపము మంచునకు కరగిపోగా ఇల్లు చేరు తెరువు కానక అలమటించెననియు మనము చదివినదే కదా. మంచుదేశమునకు పోవువారు పాదముల సంగతి ముందుగా చూచుకొనవలెనను నీతి ఆ కథలో నున్నదని నాకు రోవానియెమిలో తోచినది. సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో నూలుబట్ట పనికిరాదు. చెమ్మ పీల్చి, ఆరక, ఒంటికంటుకొని వణకించును. కావున ఒంటినంటి పలుచని ఉన్ని, దానిపై దళసరి ఉన్ని, అన్నిటిపైని గాలి చొరని పెద్ద అంగీ ధరింపవలెను. కాళ్ళకు రెండు జతల ఉన్ని మేజోళ్ళు, మోకాళ్ళ దాక బూట్లు. “చెవికమ్మలు తీసివేయుడు వదినగారూ, లోహము చలిని మోసికొని వచ్చి చెవిని కాల్చును” అని మరదలు హెచ్చరించినది. ఇంత కట్టుకొనిన తరువాత నన్ను చూచి మా అమ్మాయి, “అమ్మా, నీవు పురి కట్టిన ధాన్యమువలె నున్నావు” అని నవ్వినది. ఊపిరి ఆవిరియై కనురెప్పల వెంట్రుకలకు పట్టి, క్షణములో ముత్యములవలె గడ్డకట్టెను.

మేము బండి యెక్కిన దినము కనుమ. కనుమ నాడు కాకియైన కదలదని మన పెద్దల మాట. ప్రయాణము చేయరాదని మా అత్తగారు దూరవాణిలో పదే పదే చెప్పిరి. అయినను ఆ పండుగ పశువులది కనుక, ఒక పశువు చేయు సేవను చూచుటకు పోవుట దోషము కాదని మా వారు సమాధానము చెప్పిరి.

పట్టణమునకు వెలుపల, దేవదారువంటి చెట్ల నడుమ ఒక కుక్కలశాల. నూటికి పైగా కుక్కలు. ఒక్కొక్కదానికి కొయ్యగూడు, దానిలో ఎండుగడ్డి పరుపు, గూటిమీద దాని పేరు వ్రాసిన పలక. ఒకదాని పేరు లుమి, అనగా ఫిన్నిష్ భాషలో మంచు. మరియొకదాని పేరు హల్లా, అనగా మంచుపొర. మన చిత్రములలో కనబడు నీలికన్నుల, నలుపు తెలుపుల సైబీరియను హస్కీలు అచ్చట కొన్నియే. ఎక్కువ కుక్కలు అలాస్కను హస్కీలు. ఇవి ఒక జాతి కావు. పరుగునకు, ఓర్పునకు, తిండి పుష్టికి ఎంచి కలిపిన సంకరములు. ఒకటి గోధుమరంగు, ఒకటి బూడిదరంగు. ఒకదాని చెవులు నిక్కినవి, ఒకదానివి వాలినవి. చూపునకు మన వీథికుక్కలకంటె గొప్ప యేమియు లేదు. తూకమునకు ఇరువది, ఇరువదియైదు కిలోలు. ఈ మాత్రపు ప్రాణియా బండి లాగునని మొదట నాకు నమ్మకము కుదరలేదు.

వాని ఒంటి నిర్మాణము మాత్రము వేరు. బొచ్చు రెండు పొరలుగా నుండును. లోపలిది దూదివలె మెత్తన, పైది నిగనిగలాడు పొడుగు వెంట్రుక. మంచు పైపొరమీదనే నిలిచిపోవును. నిద్రించునపుడు చుట్టగా ముడుచుకొని, గుబురుతోకను ముక్కుపై కప్పుకొనును. మనవలె వానికి ఒడలంత చెమట పట్టదు. వేడిని వెడలగ్రక్కుటకు నోటి వగర్పే ముఖ్యసాధనము. అందుచేత మనకు గడగడలాడించు చలియే వానికి పరుగునకు తగిన హాయి. గడ్డకట్టని నాడు, అనగా మనకు కొంచెము సుఖముగానున్న నాడు, వానికి ఉక్కగా నుండును.

బండిని చూచితిమి. చక్రములు లేవు, ఇరుసు లేదు. రెండు పొడవైన జారుబద్దలు, వానిపై తొట్టివంటి ఆసనము, వెనుక నిలిచి పట్టుకొనుటకు ఒక కొయ్యకమ్మి. ముందునకు ఒక నడిమోకు. దాని కిరువైపుల కుక్కలు జంటలు జంటలుగా. మా బండికి ఆరు కుక్కలు. మెడపై కాడి వేయుట లేదు. రొమ్మును వీపును చుట్టి యుండు మెత్తని పట్టెడ. బరువంతయు గొంతుపై పడక రొమ్ముపై పడును. ముందరి జంట మాట వినునవి, తెరువు తెలిసినవి. బండికి దాపున నుండు జంట బలిష్ఠములు. బరువు మొదట సోకునది వానికే. నడిమి జంట పరుగుల జంట. ఏ కుక్కను దేని ప్రక్కన కట్టవలెనో తెలిసికొనుటయే తోలువారి నేర్పు. పడని రెండు తోడికోడండ్రను ఒక వంటయింట నుంచినట్లు, పడని కుక్కలను ఒక జంటగా కట్టినచో దారి పొడవున తగవే యట!

ఇక ముఖ్యమైన సంగతి. ఆ బండికి పగ్గములు లేవు. ములుగఱ్ఱ లేదు. చర్నాకోల లేదు. కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’, నిలుచుటకు ‘వో’ అను మాటలే పగ్గములు. ఎద్దుల ముక్కుత్రాడు పట్టి పెరిగిన కృష్ణాతీరపు వారికి ఇది వింతగా నుండును. బండి తోలువారి కాలి దగ్గర ఇనుపపండ్లు గల ఒక పట్టీ యుండును. దానిని త్రొక్కినచో పండ్లు మంచులో దిగి వేగము తగ్గును. నిలిపినపుడు కుక్కలు లాగికొనిపోకుండ నేలలో గ్రుచ్చుటకు ఒక ఇనుపకొక్కెము. ఉపకరణములన్నియు ఆపుటకే గాని అదలించుటకు ఒక్కటియు లేదు.

మాకు నేర్పవచ్చినది పాతికేండ్ల ఫిన్నిష్ యువతి. ఆంగ్లమున చెప్పుచుండగా తమ్ముడు తెనిగించెను. ఆమె చెప్పిన నియమములు నాలుగు. ఒకటి, ఏమైనను చేతిపట్టు వదలరాదు. మీరు పడినను కుక్కలు ఆగవు, ఖాళీబండితో పోవును. రెండు, నడిమోకు ఎన్నడు సడలరాదు. పల్లమున పట్టీ త్రొక్కకున్న బండి జారి వెనుకజంట కాళ్ళకు తగులును. మూడు, ఎత్తు వచ్చినపుడు దిగి తోయవలెను, లేదా ఒక కాలితో నేలను తన్నుచు సాయపడవలెను. నాలుగు, ముందుబండిని దాటరాదు. మూడవ నియమము నాకు మిక్కిలి నచ్చినది. బండి యెక్కినవారును కొంత లాగవలెననుట న్యాయమే కదా!

పట్టెడలు తెచ్చిరో లేదో, శాలయంతయు ఒక్క పెట్టున మొరగ సాగినది. ఆ రొద మా తిరునాళ్ళలో సైతము వినలేదు. ప్రతి కుక్కయు ‘నన్ను కట్టుము, నన్ను కట్టుము’ అన్నట్లు గూటి పైకెక్కి గెంతుచు కేకలిడినది. కట్టిన కుక్కలు ఒక క్షణము నిలువలేక గాలిలోనికెగిరి త్రాడు గుంజుచుండెను. కట్టకుండ విడిచిన ముసలి కుక్క యొకటి ఆకాశము వంకకు మోర యెత్తి దీర్ఘముగా నేడ్చినది. ఆ యేడుపు విన్నవారికి వీనిని కొట్టి పరుగెత్తింతురను అనుమానము తీరిపోవును.

మా వారు తొట్టిలో కూర్చుండిరి. నేను వెనుక జారుబద్దలపై నిలిచితిని. మా యూళ్ళో ఈ యేర్పాటు చూచిన బుగ్గలు నొక్కుకొందురు! కొక్కెము పెరికి, పట్టీనుండి కాలు తీసితిని. తీసినంతనే గొప్ప విచిత్రము జరిగినది. అంతవరకు చెవులు చిల్లులు పడ మొరగిన కుక్కలు ఒక్కసారిగా నోళ్ళు మూసినవి. ఇరువదినాలుగు పాదములు మంచుపై పడు మెత్తని చప్పుడు, జారుబద్దల సరసర, కుక్కల ఊపిరి, ఇవి తప్ప లోకమున మరియొక ధ్వని లేదు. చెట్లు రెండు ప్రక్కల విభూతి పూసిన మునులవలె నిలిచి వెనుకకు పోవుచుండెను. కొమ్మలు మంచుబరువునకు వంగి నేలనంటినవి. అడవి దాటిన పిమ్మట ఒక చెరువు. నీరని తెలియనే తెలియదు. గడ్డకట్టిన తెల్లని మైదానము. దాని నడుమ పోవునపుడు ఆకాశము ఒక వైపు గులాబివన్నెను, ఒక వైపు నీలివన్నెను ఉండెను. కృష్ణ వరదనీటిపై పడవ పోవునపుడు కలుగు తేలికయే నాకు గుర్తు వచ్చినది.

ఒకచోట తెరువు మిట్టకెక్కినది. పరుగు మందగించినది. ముందరి జంటలో నొకటి తల వెనుకకు త్రిప్పి నా వంక చూచినది. ఆ చూపునకు భాష అక్కరలేదు. వెంటనే దిగి తోసితిని. బరువు తగ్గగానే మరల ముందునకు చూచి లాగినది. మా వారు, “ఇది మా తరగతిలోని పిల్లలకంటె బాగుగ అడిగినది” అనిరి. సగము దారిలో ఆయన తోలిరి, నేను కూర్చుంటిని. పదికిలోమీటర్లు ఒక గంటలో తిరిగి వచ్చితిమి.

దిగినంతనే మాకు మంటచెంత వేడి పండ్లరసము సిద్ధముగా నున్నదని చెప్పిరి. ఆ యువతి మాత్రము మంట దాపునకైన రాలేదు. ఆరు కుక్కలను విప్పి, ఒక్కొక్కదాని పాదము ఎత్తి, వ్రేళ్ళ సందున మంచుగడ్డలు తీసి, పుండ్లు పడెనేమో చూచి, మాంసపు పులుసునీరు పోసి, అవి త్రాగిన తరువాతనే తన చేతిజోళ్ళు విప్పినది. “కుక్కల కడుపు నిండక మేము తినము; ఇది మా పనిలో మొదటి పాఠము” అని యామె యనినది. ఆ మాట నాకు కనుమనాటి మాటగానే వినబడినది. ఆ వేళకు మా యూళ్ళో గొడ్లను కడిగి, కొమ్ములకు రంగులద్ది, పొంగలి పెట్టి యుందురు. ఏడాది పొడవున మనకై లాగిన ప్రాణి ఆ యొక్క దినమైన మనకంటె ముందు తినవలెనని మన పెద్దలు పెట్టిన నియమము అచ్చట దినదినము నడచుచున్నది.

అయినను నా మనసున కొన్ని సందేహములు మిగిలినవి. వానిని అడుగక రాలేకపోతిని. “మంచు కరగిన తరువాత వీని సంగతియేమి?” అంటిని. వేసవిలో విశ్రాంతియనియు, చలి మొదలిడగానే చక్రపుబండికి కట్టి కొంచెము కొంచెముగా సత్తువ పెంచుదురనియు చెప్పినది. “ముసలివైన పిమ్మట?” అని యడిగితిని. ఎనిమిది, పది యేండ్లకు పని మాన్పింతురనియు, కొన్నిటిని గృహస్థులు పెంచుకొనుటకు తీసికొనిపోవుదురనియు, కొన్ని అచ్చటనే యుండుననియు పలికినది. ఏడ్చిన ఆ ముసలికుక్క అట్టిదేనట. ఆపై ఆమె, “ఈ ప్రశ్న మీరు అడుగుట మంచిది. ప్రతి శాలలోను అడుగుడు. అడుగువారు లేనిచోటనే అన్యాయము జరుగును” అనినది. ఆ మాట యెంత నిజమో తరువాత ఈ బండికుక్కల చరిత్ర చదివినపుడు నాకు తెలిసినది.

ఆ చరిత్రలో కీర్తియు కలదు, కృతఘ్నతయు కలదు. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అను పల్లెపట్టణమున కంఠసర్పి రోగము పుట్టి పిల్లలను మ్రింగ నారంభించినది. మందు రైలులో నెనానా అను చోటికి మాత్రమే రాగలిగినది. అచ్చటనుండి నోమ్ 674 మైళ్ళు. ఓడలు గడ్డకట్టినవి, విమానములు ఎగురలేవు. అప్పుడు ఇరువదిమంది బండివారు, సుమారు నూటయేబది కుక్కలు, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి అందించుకొనుచు ఐదున్నర దినములలో ఆ మందును చేర్చిరి. ఆ బండివారిలో అనేకులు ఆ నేలకు చెందిన ఆదివాసులు. అందరికంటె దీర్ఘమైన, ప్రమాదకరమైన దారిని సెప్పాలా అనునాతని బండి, టోగో అను పండ్రెండేండ్ల కుక్క నాయకత్వమున దాటినది. చివరి భాగమున కాసెన్ అనునాతని బండిని నడపి ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున పట్టణము చేర్చినది బాల్టో అను కుక్క.

బాల్టోకు ఆ యేడే న్యూయార్కు నగరపు ఉద్యానవనమున కంచువిగ్రహము నెత్తిరి. విగ్రహమునకు దండలు పడుచుండగా నిజమైన బాల్టో గతి యేమైనది? చేతులు మారి మారి, తనతోడి కుక్కలతో కూడ లాస్ ఏంజిలెస్ నగరమున ఒక వింతల ప్రదర్శనశాలలో పడి, చిక్కి శల్యమైనది. 1927లో క్లీవ్‌లాండు నగరపు వర్తకుడు జార్జి కింబల్ దానిని చూచి మనసు కరగి, తన యూరివారిని వేడెను. ఆ యూరి బడిపిల్లలు తమ చిల్లరకాసులు పోగుచేసిరి. ఆ ధనముతో బాల్టోను, మిగిలియున్న ఆరు సహచరులను విడిపించి తమ జంతుశాలకు తెచ్చి పోషించిరి. 1933లో అది సుఖముగా కన్నుమూసినది. పిల్లల ప్రాణములు కాచిన కుక్కను మరల పిల్లలే కాచిరి. పెద్దల పని విగ్రహముతో సరి!

ఈ బండి తోలుటలో స్త్రీల కథ వేరుగ చెప్పదగినది. అలాస్కాలో 1973లో ఆరంభమైన ఇడిటరోడ్ అను పందెమున సుమారు వేయి మైళ్ళు కుక్కలతో పోవలెను. మరుసటి యేడే, 1974లో, మేరీ షీల్డ్స్ ఆ దారిని తుదముట్టించిన మొదటి స్త్రీ యయ్యెను. 1985లో పెనుతుపాను వీచుచుండగా తక్కిన పోటీదారులు ఆగిపోయిరి. లిబ్బీ రిడిల్స్ అను ఆమె మాత్రము తన కుక్కలను నమ్మి గడ్డకట్టిన సముద్రపు పాయమీదికి బండి నడపి, 18 దినములలో గమ్యము చేరి గెలిచిన తొలి స్త్రీ యనిపించుకొన్నది. ఆ తరువాత సుసాన్ బుచర్ 1986, 1987, 1988, 1990 సంవత్సరములలో నాలుగుమారులు గెలిచినది. ఈ విద్యలో భుజబలముకంటె ఓర్పు, కనిపెట్టి చూచుట, ఎవరి కడుపు ఎప్పుడు మాడునో ముందుగా తెలిసికొనుట ముఖ్యము. సంసారము నడపువారికి ఇవి క్రొత్త విద్యలా? అయితే ఆ దీర్ఘపందెములలో కుక్కలు మరణించుటయు కలదు. అందుచే వానిని నిరసించువారును చాలమంది కలరు. వారి మాటను త్రోసివేయరాదు.

కృతఘ్నతకు ఇంకను కఠినమైన నిదర్శనములున్నవి. 1911లో దక్షిణధ్రువమును మొదట చేరిన ఆముండ్సెన్ 52 కుక్కలతో బయలుదేరి 11 కుక్కలతో తిరిగి వచ్చెను. తక్కినవానిలో పెక్కింటిని దారిలో చంపి, మిగిలిన కుక్కలకును మనుష్యులకును ఆహారము చేసిరి. అది ప్రాణాపాయపు యాత్ర యని సరిపెట్టుకొందము. మరి 2010లో కెనడాలోని విస్లర్ అను విహారస్థలమున జరిగినదానికి ఏమి సమాధానము? శీతకాలపు ఒలింపిక్ క్రీడలు ముగిసి సందర్శకులు తగ్గగానే, పోషణభారమని యాబదికి పైగా బండికుక్కలను చంపి పూడ్చిరి. మరుసటి యేడు ఆ సంగతి బయటపడి లోకము నివ్వెరపోయినది. ఆ రాష్ట్రమువారు జంతుహింస శాసనమును కఠినము చేసి, బండికుక్కల పోషణకు ప్రత్యేక నియమములు విధించిరి. 2020లో కరోనా వ్యాధిచే యాత్రికులు రానపుడు లాప్లండులోని కుక్కలశాలలు కూడ మేతఖర్చునకు తడబడినవి. వేడుక ఆగినను ఆకలి ఆగదు కదా!

ఇంకొక్క సంగతి. లాప్లండున కుక్కబండి పూర్వాచారమని కొందరనుకొందురు. అచ్చటి ఆదివాసులగు సామీలకు అనాదిగా ఆధారము రెయిన్‌డీర్ అను మంచుదుప్పి. కుక్కబండి విహారము యాత్రికుల కొరకు గత శతాబ్దపు చివరి దశకములలో పెరిగినది. కుక్కబండిపై నిజముగ బ్రతికినవారు సైబీరియాలోని చుక్చీలు, అలాస్కా, కెనడా, గ్రీన్లండులలోని ఇన్యూట్లు మొదలగువారు. నేడు వారిలో పెక్కుమందికి యంత్రపుబండ్లు వచ్చినవి. కావున ఈ కుక్కలకు మిగిలిన పని చాలవరకు మనవంటి యాత్రికుల వేడుకయే. వాని బ్రతుకు మన చేతిలో, మన ప్రశ్నలలో ఉన్నదనుటకు ఇదియే కారణము.

ఈ ప్రశ్నలు మన యింటి ముంగిటకును వచ్చినవి. ఇటీవలి కాలమున మన పట్టణములలో హస్కీ పిల్లను కొని పెంచుట ఒక గొప్పతనమైనది. మాకు తెలిసిన యొక కుటుంబమువారు నీలికన్నుల కుక్కపిల్లను తెచ్చి రోహిణికార్తెలో మేడమీద కట్టిరి. అది గచ్చుపై నాలుక వ్రేలవైచి వగర్చుచుండగా చూచినవారు, “ఎంత ముద్దుగానున్నది!” అని పటము తీసిరి. రోవానియెమి చూచి వచ్చిన నాకు అది ముద్దుగా తోచలేదు. మన సముద్రతీరపు గాలిలో తేమ యధికము. అట్టి గాలిలో ఎంత వగర్చినను ఒంటివేడి తగ్గదు. నాలుగు కోసుల పరుగునకు పుట్టిన దేహమును నాలుగు గజముల గొలుసుతో కట్టుట మరియొక హింస. బొచ్చు గొరిగించిన చల్లబడునను భ్రమ కూడ తగదు. ఆ రెండు పొరలే దానికి ఎండనుండియు కొంత రక్ష. ఇదివరకే పెంచుచున్నవారు పగలు చల్లనిచోట నీడను, తరగని నీటిని ఏర్పరచి, తెల్లవారుజామున మాత్రమే నడిపింపవలెను. పెంచదలచినవారు మన నేల కుక్కపిల్లను తెచ్చుకొనుట మేలు. మన యెండకు తగిన ఒడలు దానికి దైవమే యిచ్చినాడు.

అమెరికా, కెనడా, ఐరోపా దేశములలో మన బిడ్డలు నేడెందరో కాపురములు చేయుచున్నారు. వారిని చూడబోవు తల్లులు, అత్తలు ఈ మంచుబండి నెక్కు సందర్భము రావచ్చును. తప్పక యెక్కుడు, అది మరువరాని యానందము. కాని యెక్కుటకు ముందు మూడు సంగతులు చూడుడు. కుక్కల పాదములు, ప్రక్కటెముకలు చూడుడు. పుండ్లు, చిక్కుదనము దాగవు. నీరు పోయుచున్నారేమో, గూళ్ళలో పొడిగడ్డి యున్నదేమో చూడుడు. ముసలికుక్కలెచ్చట అని యడుగుడు. జవాబు చెప్పుటకు జంకువారి బండి యెక్కకుడు. మన సంక్రాంతి పందెములలో బండలు లాగు గిత్తలను చూచునపుడును ఈ ప్రశ్నలే అడుగవచ్చును. గెలిచిన గిత్తకు దండ వేయువారు చాలమంది. చర్నాకోల దెబ్బల నెన్నువారు కొందరే.

మన భారతము ఒక కుక్క మొరతో మొదలై, ఒక కుక్క తోడుతో ముగియుచున్నది. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిరపరాధియగు సారమేయమును కొట్టగా, దాని తల్లి సరమ రాజు నెదుటకు వచ్చి న్యాయమడిగినది; తప్పులేనివారిని బాధించినచో తలవని తలంపుగా భయము చుట్టుముట్టునని హెచ్చరించి పోయినది. మహాప్రస్థానమున ధర్మరాజు ఉత్తరదిశగా మంచుకొండలు దాటి పోవునపుడు ద్రౌపది పడినది, తమ్ములు పడిరి. కడవరకు వెంట నడచినది కుక్క యొక్కటే. దేవేంద్రుడు రథము తెచ్చినను, నమ్మి వచ్చినదానిని విడిచి యెక్కనని ఆయన పలికెను. సరమ మొరను విని, ధర్మరాజు మాటను తలచి నడచుకొనువారికే కుక్కను బండికి కట్టు అర్హత కలదు.